ఒక ప్రమాణం, ఒక పెళ్లి: ఆంటోనియా ఫోర్డ్ కేస్ స్టడీ

1864 మార్చి 10న వాషింగ్టన్ నగరంలో ఒక పెళ్లి జరిగింది. పెళ్లికూతురు ఆంటోనియా ఫోర్డ్‌కు అప్పటికి 25 ఏళ్లు. అమెరికా అంతర్యుద్ధంలో దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యానికి రహస్యాలు చేరవేసిందన్న ఆరోపణ మీద అంతకు ముందు ఏడాది ఉత్తరాది ప్రభుత్వం ఆమెను జైల్లో పెట్టింది. పెళ్లికొడుకు జోసెఫ్ విలర్డ్ ఆమెకన్నా దాదాపు 18 ఏళ్లు పెద్ద. ఆమెను అరెస్టు చేసిన సైన్యంలోనే మేజర్‌గా పనిచేసిన మనిషి.

అమెరికా అంతర్యుద్ధం గురించి చదివేవాళ్లలో చాలామందికి ఈ జంట తెలుసు. కథ చెప్పే తీరు మాత్రం ఎప్పుడూ ఒకటే. అందమైన గూఢచారి, ఆమెను చూసి మనసు పారేసుకున్న అధికారి, కరిగిపోయిన పగ, చివర్లో పెళ్లి. పాత ఉత్తరాలు, సైనిక రికార్డులు, కోర్టు కాగితాలు చదివి ఎవరు ఎప్పుడు ఎవరి పక్షాన ఉన్నారో అంచనా వేయడం నా వృత్తి. ఆ పనిలో నేను మళ్లీ మళ్లీ ఈ కేసు దగ్గరకే వస్తుంటాను. అంతర్యుద్ధంలో ఒక మనిషి విధేయతను తేల్చడం ఎంత కష్టమో ఇది చూపించినంత బాగా మరే కేసూ చూపించలేదు. ఆమె ప్రేమ కోసం పక్షం మారిందా లేదా అని అందరూ అడుగుతారు. ఆ ప్రశ్నలోనే ఏదో తేడా ఉందని నాకనిపిస్తుంది. ప్రేమ, ఉత్తరాది ప్రభుత్వానికి చేసిన విధేయతా ప్రమాణం ఒకే సమయంలో ఒకే మనిషి జీవితంలోకి వచ్చాయి కాబట్టి ఒకదాని వల్లే రెండోది జరిగిందని మనం అనేసుకుంటున్నాం. కాగితాలు అంత మాట చెప్పవు.

ఊరి పరిస్థితి

ఆంటోనియాది వర్జీనియాలోని ఫెయిర్‌ఫ్యాక్స్ కోర్ట్‌హౌస్ అనే ఊరు. తండ్రి ఎడ్వర్డ్ ఫోర్డ్ అక్కడ వ్యాపారి. ఊరు వాషింగ్టన్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంతర్యుద్ధంలో ఇంతకన్నా ఇబ్బందికరమైన చోటు ఉండదు. ఒకవైపు దేశ రాజధాని, ఇంకోవైపు తిరుగుబాటు రాష్ట్రం, మధ్యలో వీళ్ల ఇళ్లు.

వర్జీనియా దేశం నుంచి విడిపోవాలా వద్దా అన్నదాని మీద 1861 మే 23న ఓటింగ్ జరిగింది. ఆ రాష్ట్రంలో అప్పటికి రహస్య బ్యాలెట్ లేదు. ఓటరు అందరి ముందూ నిలబడి తన నిర్ణయం నోటితో చెప్పాలి. ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలో ఉత్తరాది నుంచి వచ్చి పొలాలు కొనుక్కుని స్థిరపడిన క్వేకర్ (యుద్ధాన్ని, బానిసత్వాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖ) కుటుంబాలు ఉండేవి. వాళ్లలో చాలామంది విడిపోవడానికి వ్యతిరేకం. ఎవరు ఏమన్నారో ఊరందరికీ తెలుసు. ఆ తర్వాత నాలుగేళ్లు ఆ మాటలను ఎవరూ మర్చిపోలేదు. ఆడవాళ్లకు ఓటే లేదు కాబట్టి ఆంటోనియా ఆ రోజు ఏమనుకుందో రికార్డుల్లో వెతికి లాభం లేదు.

ఓటింగ్ అయిన తొమ్మిదో రోజున, జూన్ 1న, ఆ ఊళ్లోనే చిన్న ఘర్షణ జరిగి దక్షిణాది కెప్టెన్ జాన్ మార్ చనిపోయాడు. 1861లో ఎక్కువ కాలం ఊరు దక్షిణాది చేతిలో ఉంది. 1862 మార్చిలో వాళ్ల సైన్యం ఆ ప్రాంతం నుంచే వెనక్కి తగ్గింది. తర్వాత ఉత్తరాది సైనికులు వచ్చి అక్కడే మకాం పెట్టారు. ఒకే భోజనాల బల్ల దగ్గర ఒక ఏడాది ఒక సైన్యం అధికారులు, మరుసటి ఏడాది శత్రు సైన్యం అధికారులు కూర్చున్నారు. ఇంట్లో వాళ్లు ఇద్దరికీ వడ్డించారు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకోకుండా ఈ కేసు చదివితే ప్రతి సంభాషణా కుట్రలాగే కనిపిస్తుంది.

స్టువర్ట్ ఇచ్చిన కాగితం

దక్షిణాది అశ్వికదళ నాయకుడు జెబ్ స్టువర్ట్ 1861 అక్టోబరు 7న ఆంటోనియాకు ఒక నియామక పత్రం ఇచ్చాడు. ఆమె దేశభక్తి మీద, విశ్వాసపాత్రత మీద, సామర్థ్యం మీద తనకు నమ్మకం ఉందని, ఆమెను తన గౌరవ ఏడీసీగా, అంటే సేనానికి సహాయ అధికారిగా నియమిస్తున్నానని అందులో ఉంది. ఉదాత్త స్వభావాన్ని ప్రేమించే వాళ్లందరూ ఆమెకు విధేయులై ఉండాలి, ఆమెను గౌరవించాలి, మెచ్చుకోవాలి అని కూడా రాశాడు.

ఈ చివరి వాక్యం చదివితే పత్రం స్వభావం అర్థమవుతుంది. జీతం లేదు, అధికారం లేదు, దళం లేదు. విందు వినోదాల్లో ఉత్సాహంగా ఉండే ఒక సేనాని తనకు ఆతిథ్యమిచ్చిన ఇంటి అమ్మాయికి చూపించిన మర్యాద ఇది. అయితే కింద తేదీ ఉంది, సంతకం ఉంది, బ్రిగేడియర్ జనరల్ హోదా ఉంది. రాసినవాడు సరదాగానే రాసి ఉండొచ్చు. యుద్ధకాలంలో సోదాకు వచ్చిన వాడి చేతికి దొరికితే సరదా కాగితం కూడా సాక్ష్యమే.

నేను ఈ పత్రాన్ని అభిమానానికి సాక్ష్యంగా తీసుకుంటాను, పనికి సాక్ష్యంగా తీసుకోను. ఆమె మనసు 1861లో ఎటు ఉందో ఇది చెబుతుంది. ఏ సమాచారం ఎప్పుడు చేరవేసిందో చెప్పదు. 1862 ఆగస్టులో రెండో మనాసస్ యుద్ధానికి ముందు బండి తోలుకుంటూ వెళ్లి స్టువర్ట్‌ను హెచ్చరించిందన్న కథ బాగా ప్రచారంలో ఉంది. ఆ కథ మీద నా అంచనాను నిలబెట్టను. ఆమె విన్న మాటలను తనవాళ్లకు చేరవేసి ఉంటుందని మాత్రం నమ్ముతాను. ఆ ఊళ్లో ఆ పరిస్థితిలో అలా చేయకుండా ఉండటమే విశేషం.

ఆ రాత్రి, దాని తర్వాత

1863 మార్చి 9 తెల్లవారుజామున దక్షిణాది దాడిదళ నాయకుడు జాన్ మాస్బీ 29 మందిని వెంటబెట్టుకుని ఫెయిర్‌ఫ్యాక్స్ కోర్ట్‌హౌస్‌లోకి వచ్చాడు. చుట్టూ వేల మంది ఉత్తరాది సైనికులు ఉన్నారు. అయినా నిద్రపోతున్న బ్రిగేడియర్ జనరల్ ఎడ్విన్ స్టౌటన్‌ను మంచం మీంచి లేపి పట్టుకుపోయాడు. ఆయనతోపాటు ఇద్దరు కెప్టెన్లు, 30 మంది సైనికులు, 58 గుర్రాలు కూడా పోయాయి. ఒక్క తూటా ఖర్చు కాలేదు. జనరళ్లనైతే మళ్లీ తయారు చేసుకోవచ్చు గానీ గుర్రాలకు డబ్బు పెట్టాలని అధ్యక్షుడు లింకన్ అన్నాడట.

ఈ పరువు నష్టానికి ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. లోపలి మనిషి సాయం లేకుండా ఇది జరగదని అందరూ అనుకున్నారు. నిజానికి లోపలి మనిషి ఉన్నాడు. న్యూయార్క్ ఐదో అశ్వికదళం వదిలేసి వచ్చి మాస్బీతో చేరిన జేమ్స్ ఏమ్స్ ఆ రాత్రి దారి చూపించాడు. అనుమానం మాత్రం ఊళ్లో ఉన్న అమ్మాయి మీద పడింది. స్టువర్ట్‌తో ఆమె పరిచయం అందరికీ తెలిసిందే.

ఉత్తరాది డిటెక్టివ్ విభాగం నడిపిన లఫాయెట్ బేకర్ ఫ్రాంకీ ఏబెల్ అనే మహిళను దక్షిణాది అభిమానిలా ఫోర్డ్ ఇంటికి పంపాడు. ఆంటోనియా ఆమెను నమ్మింది, స్టువర్ట్ పత్రం చూపించింది. మార్చి నెల ముగియకుండానే ఆమె వాషింగ్టన్‌లోని ఓల్డ్ క్యాపిటల్ జైల్లో ఉంది. 1814లో బ్రిటిష్ వాళ్లు పార్లమెంటు భవనం తగలబెట్టాక కొన్నేళ్లు కాంగ్రెస్ సమావేశాలు జరిగిన ఇల్లు అది. ఇప్పుడు ఆ చోట సుప్రీంకోర్టు ఉంది.

ఏబెల్ వ్యవహారం మనకు ఎక్కువగా బేకర్ యుద్ధం తర్వాత రాసుకున్న పుస్తకం ద్వారానే తెలుసు. తన విభాగం ఎంత తెలివిగా పనిచేసిందో చూపించుకోవాలన్న తాపత్రయం ఆ పుస్తకం నిండా ఉంటుంది. అందుకే ఆ వివరాలను తగ్గించే తీసుకుంటాను. ఎదుటి పక్షంలో మాస్బీ బతికున్నంత కాలం ఆ దాడిలో ఆంటోనియాకు ఏ సంబంధమూ లేదనే చెప్పాడు. ఆయన మాటనూ పూర్తిగా తీసుకోను, ఎందుకంటే ఆ సాహసం అంతా తనదే కావాలన్న కోరిక ఆయనకూ ఉంటుంది. అయితే ఏమ్స్ సంగతి ఇతర వివరాలతో సరిపోతుంది. ఆ దాడి విషయంలో ఆంటోనియా మీద ఆరోపణ రుజువు కాలేదన్నదే నా నిర్ణయం. ఆమెను ఏ కోర్టూ విచారించలేదు కూడా.

చట్టం ఆమెను ఎలా చూసింది

ఈ భాగం మీద నాకు ప్రత్యేకమైన శ్రద్ధ. ప్రేమకథ చెప్పేవాళ్లు దీన్ని దాటేస్తారు గానీ అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ఆమె జైల్లో ఉండగానే, 1863 ఏప్రిల్ 24న, ఉత్తరాది సైన్యం యుద్ధ నియమావళిని జనరల్ ఆర్డర్ 100గా జారీ చేసింది. రాసినవాడు ఫ్రాన్సిస్ లీబర్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు. అందులో 88వ నిబంధన ప్రకారం వేషం మార్చుకునో అబద్ధపు సాకుతోనో రహస్యంగా సమాచారం సేకరించేవాళ్లే గూఢచారులు. సొంత ఇంట్లో సొంత పేరుతో ఉన్న ఆంటోనియా ఈ నిర్వచనంలో ఇమడదు. ఆమె మీదున్న అనుమానానికి అచ్చంగా సరిపోయేది 92వది. శత్రువు ఆక్రమించిన చోట ఉంటూ తన పక్షం సైన్యానికి సమాచారమిచ్చే పౌరుడు యుద్ధ ద్రోహి, శిక్ష మరణం. 102వ నిబంధన ఇంకా స్పష్టంగా, ఈ నేరాల్లో ఆడ మగ తేడా లేదు అంటుంది.

155, 156 నిబంధనల్లో పౌరులను విధేయులు, అవిధేయులు అని విడదీశారు. అవిధేయుల్లోనూ మనసులో అభిమానం మాత్రమే ఉన్నవాళ్లు వేరు, ఆయుధం పట్టకపోయినా నిజంగా సాయం చేసేవాళ్లు వేరు. ప్రమాణం చేయనివాళ్లను వెళ్లగొట్టే అధికారం సైన్యాధికారికి ఉంది. ఈ రెండు గళ్ల మధ్య గీత ఎక్కడ గీయాలో తెలియక ఆ కాలం అధికారులు ఎంత తంటాలు పడ్డారో, ఆ కాగితాలు చదివే మేమూ అంతే పడుతున్నాం.

ఇంత తెగింపుగా గీతలు గీసిన లీబర్ ఇంట్లోనే గీత చెరిగిపోయింది. పెద్దకొడుకు ఆస్కర్ దక్షిణాది తరఫున పోరాడి గాయపడి 1862లో చనిపోయాడు. మిగతా ఇద్దరు కొడుకులూ ఉత్తరాది సైన్యంలో ఉన్నారు. వాళ్లలో హామిల్టన్ ఫోర్ట్ డొనెల్సన్ యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్నాడు. నియమావళి రాసిన చేతికి ఈ సంగతులన్నీ తెలుసు.

ఇప్పుడు దీన్ని పెళ్లి చట్టం పక్కన పెట్టండి. అప్పటి ఆచారంగా వస్తున్న చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీకి భర్తకు వేరుగా చట్టపరమైన ఉనికి దాదాపు ఉండదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ పక్షాన ఉన్న భర్తతో కలిసి దేశం వదిలిపోయిన అన్నా మార్టిన్ అనే ఆమె ఆస్తిని మసాచుసెట్స్ రాష్ట్రం జప్తు చేసింది. 1805లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం ఆ జప్తును కొట్టేసింది. భర్త వెంట వెళ్లడం భార్య ధర్మం కాబట్టి అది ఆమె సొంత రాజకీయ నిర్ణయం కాదని తీర్పు సారాంశం. 58 ఏళ్లు తిరిగేసరికి అదే దేశంలో సైన్యం ఆడవాళ్ల చేత విధేయతా ప్రమాణం చేయిస్తోంది, వాళ్లనూ ఉరి తీయొచ్చని రాస్తోంది. పెళ్లి చట్టం ఆడదానికి సొంత పక్షమే లేదంటుంటే, యుద్ధ చట్టం ఆమెకు సొంత పక్షం ఉందని ఒప్పుకుని దానికే శిక్ష వేస్తోంది. ఆంటోనియా ఆ రెండు చట్టాల మధ్య నిలబడింది. పెళ్లి చేసుకోగానే యుద్ధ చట్టం దృష్టిలోంచి పెళ్లి చట్టం దృష్టిలోకి మారింది. అందుకే ఆమె విధేయత గురించి 1864 తర్వాత ప్రభుత్వం ఏ కాగితమూ అడగలేదని నేననుకుంటాను. మేజర్ విలర్డ్ భార్య అన్న పేరే అన్నింటికీ జవాబు.

మేజర్ విలర్డ్ వైపు నుంచి

విలర్డ్‌ది వెర్మాంట్. అన్నదమ్ములు కలిసి వాషింగ్టన్‌లో విలర్డ్ హోటల్ నడిపారు. 1861 ఫిబ్రవరిలో యుద్ధం ఆపడానికి 21 రాష్ట్రాల ప్రతినిధులు ఆఖరి ప్రయత్నంగా సమావేశమైంది అక్కడే. ఆ సభకు అధ్యక్షత వహించిన మాజీ అధ్యక్షుడు జాన్ టైలర్ కొన్ని నెలలకే దక్షిణాది కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. ప్రమాణస్వీకారానికి ముందు లింకన్ బస చేసింది కూడా ఆ హోటల్లోనే, 773 డాలర్ల 75 సెంట్ల బిల్లు తన మొదటి జీతం నుంచి కట్టాడు. విలర్డ్ సంపద అంతా దేశ రాజధాని రాజధానిగా ఉండటం మీద ఆధారపడింది. ఉత్తరాది పట్ల ఆయన విధేయతలో నమ్మకం ఎంతో లాభం కూడా అంతే. అందులో తప్పేమీ లేదు, కానీ అంచనా వేసేటప్పుడు ఆ లెక్క ఉండాలి.

ఫెయిర్‌ఫ్యాక్స్‌లో ఆయన ప్రోవోస్ట్ మార్షల్‌గా, అంటే సైనిక పోలీసు బాధ్యతల్లో ఉండేవాడు. ఆంటోనియా విడుదల కోసం ఆయన గట్టిగా ప్రయత్నించాడు. కొన్ని నెలల జైలు తర్వాత ఆమె విధేయతా ప్రమాణం చేసి 1863లోనే బయటికి వచ్చింది.

ఇక్కడ ఆగాలి. ఆమె ఖైదీ, ఆయన అధికారి. ఆమె స్వేచ్ఛ ఎవరి చేతుల్లో ఉందో వాళ్లలో ఆయన ఒకడు. అలాంటి చోట పుట్టిన ప్రేమను ప్రేమ కాదనే అధికారం నాకు లేదు. అయితే ఆ ప్రేమలో ఎవరికి ఎంత వీలుంది, కాదంటే ఎవరికి ఏం పోతుంది అని అడగకుండా ముందుకు పోలేను. తన తలుపు తాళం చేతిలో ఉన్న మనిషిని ఇష్టపడటం, ఇష్టపడకపోవడం రెండూ తేలికైన పనులు కావు.

ఆయన వైపు నుంచి చూస్తే మాత్రం నాకు గౌరవం కలిగించే అంశం ఒకటి ఉంది. పెళ్లికి ముందే ఆయన సైన్యానికి రాజీనామా చేశాడు. యూనిఫాం వేసుకుని ఆమెను చేసుకోలేదు. రెండు విధేయతలు ఒకదానికొకటి అడ్డొస్తున్నాయని ఆయనకు తెలిసిందనడానికి ఇంతకన్నా మంచి రుజువు ఉండదు. ఆయనకు అప్పటికే పెళ్లయి ఉంది, విడాకులు కూడా అప్పుడే జరిగాయి. ఆ మొదటి భార్య ఈ ప్రేమకథల్లో ఎక్కడా కనిపించదు. ఈ కేసులో నష్టపోయినవాళ్ల జాబితా రాస్తే ఆమె పేరు ముందుండాలి.

కథలో చోటు దొరకనివాళ్లు

ఆంటోనియా నిలబడిన పక్షం దేనికోసం యుద్ధం చేసిందో కూడా చెప్పాలి. బానిసత్వాన్ని కాపాడుకోవడానికే దక్షిణాది విడిపోయింది. అదే ఫెయిర్‌ఫ్యాక్స్‌లో, అదే వర్జీనియాలో బానిసలుగా ఉన్న జంటల పెళ్లికి చట్టంలో గుర్తింపే లేదు. యజమాని భర్తనొక చోటికి, భార్యనొక చోటికి అమ్మేయొచ్చు. యుద్ధం ముగిశాక 1866 ఫిబ్రవరిలో గాని, కలిసి కాపురం చేస్తున్న ఆ జంటలను వర్జీనియా భార్యాభర్తలుగా ఒప్పుకోలేదు. విముక్తులైన బానిసల కోసం ప్రభుత్వం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అధికారులు అప్పుడు రాసిన రిజిస్టర్లు నేను చూసే పత్రాల్లో అన్నిటికన్నా విలువైనవి. పేరు, వయసు, పుట్టిన చోటు, ఎప్పటి నుంచి కలిసి ఉంటున్నారు, పిల్లలెందరు. యుద్ధకాలపు ప్రేమ గురించి ఒక్క రికార్డే చదవాలంటే నేను వీటినే చదవమంటాను. అటు సైన్యం, ఇటు ఇల్లు, ఏది ఎంచుకోవాలి అనే బాధ కూడా ఎంచుకునే హక్కు ఉన్నవాళ్లకే ఉంటుంది.

పోల్చి చూడటానికి ఇంకో ఇద్దరు

ఒకే కేసు మీద ఏదీ తేల్చకూడదు కాబట్టి దగ్గరి పోలికలున్న రెండు కేసులు పక్కన పెట్టుకుంటాను.

బెల్ బాయిడ్ దక్షిణాదికి పేరుపొందిన గూఢచారి. ఆంటోనియా ఉన్న జైల్లోనే ఆమె కూడా ఉంది. 1864 మేలో ఆమె ఎక్కిన గ్రేహౌండ్ అనే ఓడను ఉత్తరాది నౌకాదళం పట్టుకుంది. ఆ ఓడను నడిపించుకుపోవడానికి వచ్చిన నౌకాదళ అధికారి శామ్యూల్ హార్డింజ్ ఆమె మీద మనసు పడ్డాడు. ఓడ కెప్టెన్ తప్పించుకుపోవడం హార్డింజ్ మెడకు చుట్టుకుంది, ఉద్యోగం పోయింది. ఆగస్టు 25న లండన్‌లో ఇద్దరికీ పెళ్లయింది. తర్వాత అమెరికా తిరిగి వచ్చినప్పుడు ఆయన జైలు పాలయ్యాడు. ఇక్కడ ప్రేమ వచ్చింది, ప్రమాణం రాలేదు. కదిలింది ఆయన పక్షం, ఆమెది కాదు.

ఎమిలీ టాడ్ హెల్మ్ లింకన్ భార్య మేరీకి సవతి చెల్లెలు. ఆమె భర్త బెన్ హార్డిన్ హెల్మ్‌కు 1861లో లింకన్ స్వయంగా సైన్యంలో మేజర్ హోదాతో ఖజానా అధికారి ఉద్యోగం ఇవ్వజూపాడు. హెల్మ్ కాదని దక్షిణాదికి వెళ్లి జనరల్ అయ్యాడు, 1863 సెప్టెంబరు 20న చికమాగా యుద్ధంలో తీవ్రంగా గాయపడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ డిసెంబరులో వితంతువుగా ఎమిలీ వైట్‌హౌస్‌కు వచ్చింది. దారిలో ప్రమాణం చేయమంటే చేయలేదు. ఆమె తన ఇంట్లో ఉన్న సంగతి బయటికి పొక్కకూడదని లింకన్ తన స్నేహితుడు బ్రౌనింగ్‌కు చెప్పాడు. చనిపోయిన భర్త పట్ల ప్రేమ, బతికున్న అక్క పట్ల ప్రేమ రెండూ ఆమెలో ఉన్నాయి. మరుసటి ఏడాది పత్తి అమ్ముకోవడానికి అనుమతి అడిగింది. ప్రమాణం లేకుండా అది దొరకలేదు. తమ దుస్థితికి మీ తూటాలే కారణమని ఆమె లింకన్‌కే ఉత్తరం రాసింది. ఆ తర్వాత ఆ రెండు ఇళ్ల మధ్య మునుపటి ఆప్యాయత మిగల్లేదు.

మూడు కేసులు పక్కపక్కన పెడితే ఒక సంగతి తేలుతుంది. ప్రేమ ఉన్న ప్రతిచోటా పక్షం మారలేదు. పక్షం మారిన చోట మారింది ఆడదే కానక్కర్లేదు. ప్రమాణం చేయడం, చేయకపోవడం చాలాసార్లు అప్పటి అవసరం మీద ఆధారపడింది. జైలు, ఇంటికి పోవడం, ఆస్తి, పత్తి, ఇవన్నీ అందులో ఉన్నాయి.

మగవాళ్ల మార్పును మనం ఏమంటున్నామో కూడా చూడాలి. స్టౌటన్‌ను మంచం మీంచి లేపిన మాస్బీ 1872 ఎన్నికల్లో ఉత్తరాది సేనాపతి గ్రాంట్‌కే మద్దతిచ్చాడు, 1878 నుంచి 1885 దాకా హాంకాంగ్‌లో అమెరికా కాన్సుల్‌గా చేశాడు. దక్షిణాదిలో లాంగ్‌స్ట్రీట్ లాంటి పెద్ద జనరల్ కూడా యుద్ధం తర్వాత లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీలో చేరాడు. సొంత మనుషులు వాళ్లను తిట్టిపోశారు నిజమే. కానీ వాళ్ల మార్పుకు అందరూ రాజకీయ కారణాలు వెతికారు. ఆంటోనియా మార్పుకు మాత్రం ఒక్కరూ రాజకీయ కారణం వెతకలేదు. ఆమెకు యుద్ధం మీద విసుగొచ్చి ఉండొచ్చు. తన ఊరు నాశనమవడం చూసి ఇక చాలు అనుకుని ఉండొచ్చు. దక్షిణాది గెలవదని గ్రహించి ఉండొచ్చు. 25 ఏళ్ల చదువుకున్న మనిషికి ఇవేవీ తోచవని అనుకోవడం ఆమెను తక్కువ చేయడమే.

నా నిర్ణయాలు

1863 మార్చి దాకా ఆంటోనియాను నేను దక్షిణాదికి చురుకైన సాయం చేసిన వ్యక్తిగానే రాసుకుంటాను, ఈ మాట మీద నమ్మకం మధ్యస్థం. స్టౌటన్ దాడిలో పాత్ర ఉందన్నదాన్ని తోసిపుచ్చాను. ప్రమాణం తర్వాత ఆమె మాట తప్పిందనడానికి ఆధారం కనబడలేదు. ఆ ప్రమాణం ప్రేమ వల్లే చేసిందని మాత్రం రాయను. జైలు నుంచి బయటపడటానికి అదే దారి అయినప్పుడు, చేతికందిన దారిలో నడిచిన మనిషి మనసులో ఇంకేముందో ఆ సంతకం ఒక్కటే చెప్పలేదు.

యుద్ధం తర్వాత 1871 మార్చి 3న దక్షిణాదిలోని విధేయులకు నష్టపరిహారం ఇవ్వడానికి కాంగ్రెస్ ఒక కమిషన్ వేసింది. 22,298 దరఖాస్తులు వచ్చాయి, మూడో వంతు కూడా ఒప్పుకోలేదు. యుద్ధకాలంలో ఎవరి గెలుపు కోరుకున్నారు, దక్షిణాది సైన్యంలో మీ బంధువులు ఎవరున్నారు, వాళ్లకు ఏమైనా సాయం చేశారా అని ఒక్కొక్కటిగా అడిగారు. ఆ ప్రశ్నలకు ఆంటోనియా జవాబులు ఎలా ఉండేవో తెలుసుకునే అవకాశం లేదు. అంతకు కొన్ని వారాల ముందే, ఫిబ్రవరి 14న, 32 ఏళ్ల వయసులో ఆమె చనిపోయింది. ముగ్గురు పిల్లల్లో బతికింది ఒక్కడే. 1865 మే 1న పుట్టిన ఆ జోసెఫ్ ఎడ్వర్డ్ విలర్డ్ 1902లో వర్జీనియాకు లెఫ్టినెంట్ గవర్నరయ్యాడు, తర్వాత స్పెయిన్‌లో అమెరికా రాయబారిగా చేశాడు. తల్లి ఊరైన ఫెయిర్‌ఫ్యాక్స్‌కు టౌన్ హాల్ కట్టించి ఇచ్చాడు. తండ్రి 1897 దాకా బతికాడు, మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

ఆ కుటుంబం కాగితాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. ఈ కేసు మీద పని చేయాలనుకునే వాళ్లకు నేను చెప్పేది, స్టువర్ట్ పత్రంతోనో బేకర్ పుస్తకంతోనో మొదలుపెట్టొద్దని. విడుదలకూ పెళ్లికీ మధ్య ఉన్న నెలల్లో ఇద్దరూ రాసుకున్న ఉత్తరాలు ముందుగా చదవండి. ఆయన్ని ఎరిగిన తర్వాత ఆమె ఖైదీగానూ కాక, భార్యగానూ కాక మాట్లాడిన కాలం అదొక్కటే.